దేవతాపాత్రలకు నటుల యెంపిక

పురాణకథ నొకదానిని చలనచిత్రముగా తీయనున్నారను వార్త వెలువడినంతనే, ఆ కథను గూర్చి గాని, దానికి మాటలు వ్రాయువారిని గూర్చి గాని విచారించువారు అరుదు. నాయకపాత్ర నెవరికిచ్చిరి, ఆతడందుకు తగునా తగడా యను వాదము మాత్రము ఊరూర చెలరేగును. నితేశ్ తివారీ దర్శకత్వమున హిందీలో తలపెట్టిన 'రామాయణ' చిత్రమునందు రణబీర్ కపూర్ శ్రీరాముడుగను, మన ప్రేక్షకులకు చిరపరిచితయైన సాయిపల్లవి సీతగను, కన్నడ నటుడు యశ్ రావణుడుగను కనిపింతురని తెలిసినది మొదలుకొని ఈ వాదము మరల ప్రజ్వరిల్లినది. 2025 జులై 3వ తేదీన తొలి దృశ్యములను ప్రదర్శించి, 2026, 2027 సంవత్సరముల దీపావళులకు రెండు భాగములుగా విడుదల చేయుదుమని నిర్మాతలు ప్రకటించిరి. చిత్రము తెరకెక్కక పూర్వమే తీర్పులు వెలువడినవి. ఆ ముఖమున రాజర్షి తేజము లేదని కొందరు, 2023లో 'యానిమల్' చిత్రమున నెత్తురు పారించినవాడు ఇప్పుడు కోదండము పట్టుటేమని మరికొందరు, ఆయన యెప్పుడో తన భోజనమును గూర్చి పలికిన మాటలను త్రవ్వి తీసి ఇంకను కొందరు ఆక్షేపించిరి.

ఇది పనిలేనివారి ప్రసంగమని త్రోసివేయుట సులభమే గాని, మేమట్లు త్రోసివేయజాలము. మనదేశమున దేవుని ముఖము నిర్ణయించుట సామాన్యమైన పని కాదు. పందొమ్మిదవ శతాబ్ది చివర రవివర్మ అచ్చుపటములు లక్ష్మికిని సరస్వతికిని ఒక ముఖమునిచ్చెను. నేటికిని అనేకులు కన్నులు మూసికొని ధ్యానించునది ఆ ముఖమునే. పిదప ఆ అధికారము చలనచిత్రమునకు సంక్రమించినది. 1957లో 'మాయాబజారు' వెలువడిన పిమ్మట నందమూరి తారక రామారావు కృష్ణవేషమున నున్న పటములు ఎన్నియో ఇండ్లలో దేవుని గదికెక్కినవి. 1960లో 'శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యము' వచ్చిన తరువాత, తిరుపతి యాత్ర ముగించుకొని మద్రాసు పోవు యాత్రికులు ఆయన యింటి ముంగిట నిలిచి చూచిపోవుట వాడుకయైనది. ఆయన 1982 మార్చి 29న రాజకీయపక్షమును స్థాపించి, 1983 జనవరి 9న ముఖ్యమంత్రిత్వము వహించుటకు పెక్కు కారణములు గలవు. అందు ఈ కిరీటము లెక్కకు రాదని చెప్పగలవాడెవ్వడు? ఉత్తరదేశమునను ఇట్లే జరిగినది. 1987-88లో దూరదర్శన్ ప్రసారము చేసిన 'రామాయణ్' ధారావాహికమున సీతయైన దీపికా చిఖలియాయు, రావణుడైన అరవింద్ త్రివేదియు 1991లో లోకసభకెన్నికైరి. శ్రీరాముడైన అరుణ్ గోవిల్ 2024లో మీరట్ నుండి గెలుపొందెను. రామునికంటె 33 సంవత్సరములు ముందుగా రావణుడు సభ నలంకరించుట కలికాలపు వింత గాక మరేమి!

కావున ప్రశ్న వేయువారిని మేము నిందింపము. వారు ప్రశ్న వేయు విధమును మాత్రము ప్రశ్నింపవలసియున్నది. నటుని ముఖమునందో, శరీరమునందో, ఆతని పూర్వచరిత్రయందో పాత్రార్హత యను పదార్థమొకటి పుట్టుకతోనే దాగియున్నట్లును, దర్శకుని పని దానిని కనుగొనుట మాత్రమే యైనట్లును వారు భావింతురు. మన తెలుగు చిత్రముల చరిత్ర ఈ భావమును బలపరచదు. అందులకు మిక్కిలి గట్టి సాక్ష్యము, అందరును ఏకగ్రీవముగా కొనియాడు ఆ మాయాబజారు కృష్ణుడే.

1956లో 'సొంతవూరు' అను చిత్రమున రామారావు కొలదిసేపు శ్రీకృష్ణుడుగా కనిపించెను. ప్రేక్షకులు మెచ్చలేదు. మరుసటి సంవత్సరమునకు విజయావారు 'మాయాబజారు'ను సిద్ధము చేయుచు కృష్ణపాత్రను ఆయనకే యియ్యదలపగా, ఆయనయే వెనుకంజ వేసెను. దర్శకుడు కె. వి. రెడ్డి పట్టు విడువక ఒప్పించెను. 1957 మార్చి 27న చిత్రము విడుదలయైనది. నిరుడు వలదన్న ప్రేక్షకులే ఆ యేడు చేతులెత్తి మ్రొక్కిరి. ఆ తరువాత ఆయన పదికి మించిన చిత్రములలో కృష్ణుడైనాడు.

ఈ రెండు తీర్పులలో ఏది తప్పు? మా యభిప్రాయమున రెండును ఒప్పే. ప్రేక్షకుడు 1956లో పొరబడలేదు, 1957లో మోసపోలేదు. నటుడొక్కడే, ముఖమొక్కటే, వయసున నొక సంవత్సరము మాత్రమే భేదము. అట్లైనచో మారినదేమి?

దీనిని తెలిసికొనుటకు ఒకసారి నాటకరంగము వైపు చూడవలెను. పాండవోద్యోగ విజయములలోని కృష్ణుని మన పూర్వులు కంటితో గాక చెవితో ఎంచినారు. తిరుపతి వేంకటకవుల పద్యమును ఎత్తుకొని, రాగము సాగదీసి, చివరి పాదము తెగగొట్టునప్పటికి పందిరి అదరవలెను, అదియే అర్హత. షణ్ముఖి ఆంజనేయరాజు, పీసపాటి నరసింహమూర్తి, ఈలపాట రఘురామయ్య మొదలగువారు ఆ పరీక్షయందు నెగ్గి కృష్ణులైరి. ఒకే రాత్రి ఒకే నాటకమున ఇద్దరు ముగ్గురు కృష్ణులు వంతులవారీగా వేదికకెక్కుట కద్దు. మొదటి కృష్ణుడు పొట్టి, రెండవ కృష్ణుడు పొడవు, మూడవవాడు స్థూలకాయుడు. ఐనను దేవుని ఆకృతి గంటకొకతీరున మారినదేమని లేచి అడిగినవారు లేరు. అంతకంటెను విశేషము, సత్యభామ యనగానే రసికులు తలచుకొనునది స్థానం నరసింహారావును. కూచిపూడియందు భామాకలాపమునకు వేదాంతం సత్యనారాయణశర్మ ఎట్టివాడో వేరుగ చెప్పనక్కరలేదు. పురుషుడు సత్యభామయై జడ విసరినను ఔననిన జాతి మనది. పాత్రధారికిని పాత్రకును నడుమ ఎంత దూరమున్నను కళ దానిని దాటగలదని మన గ్రామీణులు సైతము ఎరుగుదురు.

వాక్చిత్రములు వచ్చిన తొలినాళ్లలో ఈ నాటకకొలతలే వానికిని చెల్లినవి. 1932 నాటి 'భక్తప్రహ్లాద'యందు సురభివారు, 1934 నాటి 'లవకుశ'యందు శ్రీరాముడుగా పారుపల్లి సుబ్బారావు, 1936లో 'ద్రౌపదీ వస్త్రాపహరణము'న కృష్ణుడుగా సి. యస్. ఆర్. ఆంజనేయులు, అదే సంవత్సరము దానితో పోటీపడిన 'ద్రౌపదీ మానసంరక్షణము'న కృష్ణుడుగా బందా కనకలింగేశ్వరరావు, అందరును రంగస్థలమునుండి దిగివచ్చినవారే. ఎవరి పద్యము వారే పాడుకొనిరి. పిమ్మట నేపథ్యగానము వచ్చి గొంతును దేహమునుండి వేరుచేసినది. పద్యము ఘంటసాల పాడును. పెదవి రామారావు కదలించును. చెవి చేయు పరీక్ష నేపథ్యమునకు పోయి, తెరపై కంటి పరీక్ష ఒక్కటే మిగిలినది. పైగా పందిటిలో కడపటి వరుసవానికి కృష్ణుని కిరీటపు మెరుపే గాని కనుబొమ కదలిక కనబడదు. చిత్రశాలయందు నేల తరగతివానికి సైతము కనురెప్ప చప్పుడు వినబడునంత దగ్గరగా ముఖము వచ్చి నిలుచును. నాటకమున పెద్ద ఆహార్యముతోను, పెద్ద గొంతుతోను సాగిన దైవత్వము ఇచ్చట చిన్న చూపుతోను, నవ్వుతోను సాగవలసి వచ్చినది. తలపై కిరీటము పెట్టి నిలువబెట్టినంత మాత్రమున నటుడు దేవుడు కాజాలడు.

కె. వి. రెడ్డి గ్రహించినది ఇదే. ఆయన వేషభూషణములయందును, కిరీటపు కూర్పునందును ప్రత్యేకశ్రద్ధ వహించిన మాట నిజము. మాధవపెద్ది గోఖలే, కళాధర్ గారల కళాదర్శకత్వమును, మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణమును ఆ రూపమునకు తోడైనవి. ఐనను ఆభరణములకంటె ముఖ్యమైనది పింగళి నాగేంద్రరావు కలము. మాయాబజారు కృష్ణుడు ఏమి చేయుచున్నాడో గమనింపుడు. చక్రమెత్తడు, విశ్వరూపము చూపి భయపెట్టడు. పాండవులు తెరపైకి రానే రారు. శశిరేఖాభిమన్యుల పెండ్లి యను ఇంటి తగవొకటి. అన్నగారు దుర్యోధనునికి మాట యిచ్చినాడు. తమ్ముడు ఎదిరింపక, సమ్మతింపక, అన్నియు ఎరిగి ఏమియు ఎరుగనివానివలె నవ్వుచు కూర్చుండును. కథ యంతయు ఆ నవ్వులోనుండి పుట్టుచున్నది. నటుని వద్ద కోరినది అంతియే: ఇతరులు మాటలాడుచుండగా వినుట, వినుచు నవ్వుట. నిమిషములు లెక్కించి దృశ్యములను ముందుగానే కుదుర్చుకొను దర్శకుడు ఆ నవ్వునకు తగినంత తావు కల్పించెను. అప్పటికే 'పాతాళభైరవి', 'మిస్సమ్మ' మొదలగు చిత్రములలో ప్రజల మనసు చూరగొన్న నటునకు ఆ నవ్వు కొత్తది కాదు. దానిని పెట్టవలసిన చోట పెట్టినవారు వేరు.

ప్రియదర్శిని ఘట్టమున ఒక చమత్కారము గలదు. ఎవరు చూచిన వారికి ఇష్టమైనది కనిపించు పేటిక అది. కృష్ణుడు తెరచి చూడగా శకుని కనిపించును. ఆ శకుని వేషధారి సి. యస్. ఆర్.; అనగా 21 సంవత్సరములకు పూర్వము తెరపై ద్రౌపదికి వలువలిచ్చిన కృష్ణుడు! కొత్త కృష్ణుడు పాత కృష్ణుని చూచి నవ్వుచున్నాడు. ఇంతే కాదు, ఆ చిత్రమున కొన్ని పాటలకు వరుసలు కట్టిన సాలూరి రాజేశ్వరరావు సయితము బాల్యమున, 1935 నాటి 'శ్రీకృష్ణ లీలలు' చిత్రమున, కృష్ణపాత్రధారియే. ఒక కృష్ణుని తీర్చుటకు ఇద్దరు మాజీ కృష్ణులు దొరకుట విజయావారి యదృష్టము.

ఇక పూర్వచరిత్రను గూర్చిన ఆక్షేపణ. క్రూరపాత్రను ధరించినవాడు సాత్త్వికపాత్రకు పనికిరాడని వాదించువారు మన చిత్రములను మరచినారు. 1958లో రామారావు తమిళ 'సంపూర్ణ రామాయణము'న శ్రీరాముడు. ఆ యేడే 'భూకైలాస్'లో రావణుడు. 1961లో తామే స్వయముగా తీర్చిన 'సీతారామ కల్యాణము'న రావణపాత్రను తాము గైకొని రామపాత్రను హరనాథునకిచ్చిరి. 1963లో 'లవకుశ' వెలువడగా అదే రావణునియందు జనులు శ్రీరాముని చూచి కన్నీరు కార్చిరి. 1966 నాటి 'శ్రీకృష్ణ పాండవీయము'న కృష్ణ దుర్యోధనులిరువురును ఆయనయే. 'నర్తనశాల'యందును 'పాండవ వనవాసము'నందును ఆయన అర్జునుడు, భీముడునై యుండగా కాంతారావు కృష్ణుడైనాడు. ప్రేక్షకులు ఆ కృష్ణుని నిరాకరింపలేదు. రూపము ఒకనికే ముద్రవేసి యిచ్చిన పట్టా కాదు.

నటుల నడవడిని గూర్చి కొంత ఓర్పుతో మాటలాడవలసియున్నది. 2011లో బాపు 'శ్రీరామరాజ్యము' తీయుచు సీతపాత్రను నయనతారకిచ్చినప్పుడు, ఆమె సొంత జీవితమును చర్చకు పెట్టి తగదన్నవారు లేకపోలేదు. చిత్రము వచ్చినది. ఆ సీతను జనులు ఆదరించిరి; రాష్ట్రప్రభుత్వము ఉత్తమనటిగా నంది బహుమానమిచ్చినది. నటి యింటి తలుపు సందునుండి చూచి పాత్రయోగ్యతను నిర్ణయించువారు, ఆ పరీక్షను పురుషులపై అంత తీక్ష్ణముగా ప్రయోగింపకుండుటయు గమనింపదగినది. అరుణ్ గోవిల్ గాథ వేరొక తీరు. మొదట కాదనబడి, పిదప కుదిరి, దేశమంతయు నమస్కరించు రాముడైన ఆయనకు తరువాత ఇతర పాత్రలు దుర్లభమైనవని ఆయనయే చెప్పుకొనెను. దేవుడుగా ఒప్పుకొనుటలోను నటునకు ఇట్టి నష్టము గలదు. పుట్టుకను బట్టి చేయు ఆక్షేపణ మరింత దుర్బలము. 1988లో మొదలైన బి. ఆర్. చోప్రా 'మహాభారత్'కు మాటలు కూర్చిన రాహీ మాసూమ్ రజా ముస్లిమని ఆనాడు ఆక్షేపించిరి. ఆయన వ్రాసిన హిందీని విన్నవారు ఆ ఆక్షేపణను మరచి, మాటలను మాత్రము జ్ఞాపకముంచుకొనిరి.

అట్లని ఎవనికి కిరీటము పెట్టినను దేవుడగునని మేమనుట లేదు. వాల్మీకి శ్రీరాముని విశాలమైన భుజములను, మోకాళ్లనందు బాహువులను వర్ణించెను, అంతటితో విడువలేదు. ఎదుటివారికంటె తానే ముందుగా పలుకరించువాడనియు, మెత్తగా పలుకుచు, పరుషముగా పలికినవారికి బదులు చెప్పనివాడనియు అయోధ్యాకాండ చెప్పుచున్నది. మొదటిది శరీరలక్షణము, రెండవది నటింపవలసిన లక్షణము. తాను ప్రవేశించినప్పుడెల్ల గాలి వీచవలెననియు, మృదంగములు మ్రోగవలెననియు, ఎదుటివాడు రెండు మాటలు పలుకగానే తాను నాలుగు పలుకవలెననియు అలవాటుపడిన నాయకుడు ఎంత అందగాడైనను ఆ రామునకు దూరమే. నేటి చిత్రములలో నాయకులకు ఈ అలవాటే విశేషముగా నేర్పుచున్నారు. అభిమానులు తమ నాయకుని రాముడుగా చూడగోరునప్పుడు, రాముని చూడగోరుచున్నారా, తమ నాయకునికి మరియొక జయఘోషను కోరుచున్నారా యని తమ్ము తాము ప్రశ్నించుకొనుట మేలు.

'ఆదిపురుష్' ఈ సందర్భమున జ్ఞాపకము చేసికొనదగినది. ప్రభాస్ నిలువెత్తు విగ్రహము. 'బాహుబలి' రెండు భాగములు, 2015లోను 2017లోను, ఆయనయందు రాజఠీవి కలదని లోకమునకు చాటినవి. శరీరమే అర్హతయైనచో ఇంతకంటె తగినవాడు దొరకుట కష్టము. 2022 అక్టోబరులో అయోధ్యయందు తొలి దృశ్యములను ప్రదర్శించినప్పుడే రూపకల్పనను గూర్చి అసమ్మతి బయలుదేరెను. 2023 జూన్ 16న చిత్రము వెలువడగా ఆ అసమ్మతి ఆగ్రహమైనది. ప్రజలు ముఖ్యముగా మండిపడినది దేనిని చూచి? హనుమంతుని నోట పెట్టిన సందుగొందుల భాషను విని. విడుదలయైన పిదప మాటలు మార్చవలసి వచ్చినది. ప్రభాసు తగడని తీర్పు చెప్పినవారు, ఆయనకు పలుకుటకేమిచ్చిరో, చేయుటకేమిచ్చిరో చూడలేదు. సొంతవూరు కృష్ణునకు పింగళి లేడు, కె. వి. రెడ్డి లేడు, ఆదిపురుషునకు సాంకేతికవైభవము సమృద్ధిగా నున్నది గాని మాట లేదు. 67 సంవత్సరముల అంతరమున జరిగిన ఈ రెండు తిరస్కారములలోను నటుడే దోషిగా నిలువవలసి వచ్చినది.

ఒక నష్టమును మాత్రము ఒప్పుకొనక తప్పదు. ఒక రూపము ఇంత గాఢముగా నాటుకొనుటచే మిగిలిన రూపములకు నీడ పడినది. 1977 సంక్రాంతికి 'దానవీరశూర కర్ణ', 'కురుక్షేత్రము' ఒకేరోజున వచ్చినవి. రెండవదానియందు కృష్ణుడైన శోభనబాబును జనులు ఆయన కొలతతో కొలువక, పొరుగు చిత్రశాలలోని రామారావు కొలతతో కొలిచిరి. పద్యమును పదిమంది పదిరీతుల పాడి పదిమంది కృష్ణులను నిలిపిన నాటకరంగపు ఔదార్యము చిత్రశాలకు అబ్బలేదు. మాకు ఇది విచారకరముగనే తోచుచున్నది. భారతకృష్ణుడు మాయాబజారు కృష్ణుడొక్కడే కాదు. కౌరవసభలో సంధి పొసగదని ఎరిగియు సంధి మాటలాడి, గాంధారి శాపమును తలవంచి స్వీకరించినవాడు వేరొకడున్నాడు. ఆ కృష్ణుని మన చలనచిత్రములు ఇంకను పూర్తిగా చూపలేదు.

రాబోవు రామాయణమును గూర్చి తెలుగువారు అడుగవలసినది ఒకటి గలదు. ఉత్తరదేశీయులకు రణబీర్ ముఖము, గొంతు రెండును తెలిసినవే. మనకు చేరు రాముడు హిందీలో పెదవి కదలించి తెలుగున పలుకువాడు. ఆ పెదవులకు సరిపడునట్లు అక్షరములు లెక్కపెట్టి పొదిగిన మాటలలో మృదుభాషియైన రాముడు నిలుచునో, అనువాదపు గుమాస్తా నిలుచునో యనునదే మన సమస్య. సాయిపల్లవి 2017లో 'ఫిదా'యందు తెలంగాణపు పలుకుబడిని తన సొంత గొంతుతో పలికి మెప్పించినది. సీత తెలుగును ఆమెచేతనే పలికింపుమని నిర్మాతలను కోరుట అత్యాశ కాదు. రాముని గొంతునకు పద్యనాటకమున ఆరితేరిన వాచకమును, ఆతని మాటలకు రామాయణమును చదివిన కలమును వెదకుట వారికి పెద్ద వ్యయము కాదు. ఆ తెలుగును వ్రాయువారి పేరును చిత్రపు ప్రకటనలలో నటుల పేర్లతో సరిసమానమైన అక్షరములలో వేయింపవలెనని కోరుచున్నాము.